మూడో ట్యాంకు

పోయినవారం మనం పెద్దకోడల్ని ఆ బ్రూవరీ గుమ్మం ముందు వదిలేశాం. లోపలికి అడుగు వెయ్యాలా, వెనక్కి తిరిగి ఇంటికి పోవాలా అని తేల్చుకోలేక ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. కథలో ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళకి ఆవిడ అవస్థ రెండు మాటల్లో చెప్పుకుని ముందుకి పోదాం.

పెద్దకోడలికి టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం. కప్పు మీద ఆవిరి ముక్కుకి తగలగానే ఆకు ఎండకి ఎండిందో, పొగకి ఎండిందో, గోదాములో చెమ్మ పట్టిందో చెప్పేసేది. కంపెనీలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఆమె 'బంగారుముక్కు'. అలాంటి మనిషికి చలికాలంలో జ్వరం వచ్చింది. వచ్చిన జ్వరం పోతూపోతూ వాసనని కూడా వెంటబెట్టుకుపోయింది. డాక్టరు దాచకుండానే చెప్పాడు. "రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా మొదట్లో వంకరగా రావచ్చు. గులాబీ పువ్వు దగ్గర పెట్టుకుంటే మురిక్కాలవ కంపు కొట్టొచ్చు. కంగారుపడకండి."

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. రైలింజను నడిపే భర్తకి కూడా చెప్పలేదు. నడుం నొప్పని సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. ఈ వారంతో ఆ సెలవూ అయిపోతోంది. సరిగ్గా ఇప్పుడే తోడికోడలు మూతబడిన లాండ్రీని అద్దెకి తీసుకుని, సొంతంగా బీరు తయారుచేసి అమ్మే బ్రూవరీ తెరిచింది. "అక్కా, నువ్వొచ్చి రుచి చూసి సరేననాలి. అప్పటిదాకా నాకు ముద్ద దిగదు" అని కబురు పెట్టింది.

రాకపోతే ఎందుకు రాలేదంటారు. వస్తే ఏం చెప్పాలి?

"ఏం వదినా, మా ఆవిడ నీకు గుమ్మం దగ్గర కాపలా ఉద్యోగం ఇచ్చిందా?"

మరిది తలుపు తీసి నవ్వుతూ నిలబడ్డాడు. పైపులు బిగించే పని అతనిది. చుట్టుపక్కల సగం ఇళ్ళలో కుళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నాయంటే అతని చలవే. ఇక్కడి పైపులన్నీ కూడా అతను ఒంటిచేత్తో బిగించినవే. ఇక తప్పదనుకుని పెద్దకోడలు గుమ్మం దాటింది.

లోపల ఎత్తైన కప్పు. ఒకప్పుడు ఉతికిన దుప్పట్లు ఆరేసిన ఇనుప కడ్డీలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటికి ఇప్పుడు దీపాలు వేలాడుతున్నాయి. వెనకవైపు గోడ పొడుగునా నాలుగు స్టీలు ట్యాంకులు, పెళ్ళికి ముస్తాబైనట్టు తళతళలాడుతూ వరసగా నిలబడ్డాయి. మధ్యాహ్నపు ఎండ పై కిటికీల్లోంచి పొడుగాటి బల్లల మీద పడుతోంది. పక్క వీధి వడ్రంగులు, సైకిలు షాపువాళ్ళు, పిల్లల్ని చంకనేసుకొచ్చిన దంపతులు, అందరూ అక్కడే ఉన్నారు.

వచ్చినవాళ్ళలో ఒక సంగతి ఆమె కనిపెట్టింది. గుమ్మం దాటగానే ప్రతి మనిషీ ఒక్క క్షణం ఆగుతున్నాడు. గుండెల నిండా గాలి పీల్చి, మొహం విప్పార్చుకుని అప్పుడు ముందుకి కదులుతున్నాడు. పెద్దకోడలు కూడా అలాగే ఆగింది. అలాగే పీల్చింది. గాలి చల్లగా లోపలికి వెళ్ళి, చల్లగా బయటికి వచ్చింది. అంతకుమించి ఏమీ లేదు.

"ఇటు రా అమ్మాయ్, నీకోసం చోటు పట్టుకుని కూర్చున్నా" అని అత్తగారు పిలిచింది. ఆవిడ ఎత్తు స్టూలు మీద, కాళ్ళు నేలకి అందక ఊపుకుంటూ కూర్చుని ఉంది. చేతిలో సగం ఖాళీ అయిన చిన్న గ్లాసు.

"అత్తయ్యా, మీరు కూడానా?"

"ఏం, జ్వరమొస్తే డాక్టర్లు తాగమనేది బార్లీ నీళ్ళే కదా. ఇదీ బార్లీ నీళ్ళే. కాకపోతే కాస్త చదువుకున్న బార్లీ."

అంతలో చిన్నకోడలు ట్యాంకుల వెనకనించి పరుగున వచ్చింది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, నడుంకి తడిసిన ఏప్రాను, నుదుటిమీద అంటుకుపోయిన జుట్టు. మొన్న మొన్నటిదాకా కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పిన మనిషంటే ఎవరూ నమ్మరు. వస్తూనే తోడికోడలి రెండు చేతులూ పట్టుకుంది.

"వచ్చావు కదా అక్కా. ఇక నాకేం భయం లేదు." తరవాత గొంతు తగ్గించింది. "ఆ బల్ల దగ్గర గళ్ళచొక్కా ఆయన్ని చూశావా? మూడు హోటళ్ళున్నాయాయనకి. మన దగ్గర ఒక్క రకం ఎంచుకుంటారట. ఎంచుకుంటే మూడు హోటళ్ళలోనూ మన బీరే. నువ్వు వస్తున్నావని చెప్పాను. నీ మాట విన్నాకే ఖాయం చేసుకుంటానన్నారు."

పెద్దకోడలి మొహంలో నవ్వు చెదరలేదు. చలికాలం నించీ ఆ నవ్వు ఆమెకి బాగా అలవాటైపోయింది.

చెక్కపలకకి నాలుగు గుంటలు. గుంటకో చిన్న గ్లాసు. ఒకటి మబ్బు పట్టినట్టు తెల్లగా, ఒకటి లేత పసుపుగా, ఒకటి ఎర్రగా, ఒకటి కాటుకంత నల్లగా. హోటలాయన కుర్చీ దగ్గరికి లాక్కుని, చేతులు కట్టుకుని, పరీక్ష పేపరు దిద్దించుకునేవాడిలా కూర్చున్నాడు.

"మీ గురించి విన్నానమ్మా. కానివ్వండి" అన్నాడు.

ఆమె మొదటి గ్లాసు తీసుకుంది. అది గోధుమ కలిపి చేసిన బీరు. వెలుతురుకి ఎత్తి చూసింది, చిన్నగా తిప్పింది, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళ అలవాటు కాబట్టి చెయ్యి తడబడలేదు. ఒక గుక్క తీసుకుంది. నాలుక మీద చిన్న చురుకు, సన్నటి పులుపు. ఆ తరవాత రావలసింది ఏదీ రాలేదు.

"నురగ చక్కగా నిలిచింది. బరువు లేదు. ఎండలో తిరిగొచ్చినవాళ్ళకి హాయిగా ఉంటుంది" అంది. హోటలాయన తలాడించాడు. మాటలకేం, మాటలు ముక్కులోంచి రావు కదా.

రెండోది చేదు బీరు. చేదు నాలుకకే తెలుస్తుంది కాబట్టి ఇక్కడ ఆమె నిజమే చెప్పింది. "చేదు బాగానే వచ్చింది గానీ, చుట్టం వచ్చినట్టు వచ్చి కూర్చుంది. లేచి వెళ్ళడం లేదు."

చిన్నకోడలు మొగుడి వైపు తిరిగి, "చూశావా? నేను మొత్తుకున్నది అదే" అంది. మరిది చేతులెత్తేశాడు.

మూడోది ఎర్రది. పెద్దకోడలు గ్లాసు ఎత్తేలోపే హోటలాయన ముందుకి వంగాడు.

"అసలు సంగతి చెప్పేస్తానమ్మా. నా మనసు దీనిమీద పడింది. మీరు ఊఁ అంటే పీపాలు ఇవాళే బండిలో ఎక్కించుకుపోతాను."

"అక్క ఎప్పుడో ఊఁ అనేసిందండీ" అంది చిన్నకోడలు ఉత్సాహంగా. "వేసవిలో దీన్ని ఒక సీసాలో ఇంటికి తీసుకెళ్ళాను. ఒక్క గుక్క తాగి, 'బ్రహ్మాండం, దీన్నే పెద్ద ఎత్తున చెయ్యి' అంది. ఆ మాట పట్టుకునే మూడో ట్యాంకు నిండా ఇది చేశాను. అన్నిట్లోకీ పెద్ద ట్యాంకు అదే."

పెద్దకోడలికి ఆ సాయంత్రం గుర్తుంది. వంటింటి గట్టుమీద సీసా. కిటికీలోంచి పడిన వెలుగులో దానిమ్మ గింజ రంగు. ఎదురుగా ఊపిరి బిగబట్టి నిలబడిన చెల్లాయి మొహం. ఆ మొహాన్ని చూస్తూ ఇంకోమాట అనడానికి నోరు రాలేదు. నోటికొచ్చిన మాట అనేసింది. ఆ మాట ఇవాళ ఇంత పెద్ద స్టీలు ట్యాంకై ఎదురుగా నిలబడి ఉంది.

ఆమె గ్లాసు రుచి చూడకుండానే బల్ల మీద పెట్టేసింది.

"చెల్లాయ్, ఒకసారి లోపలికి రా. నీతో మాట్లాడాలి."

ట్యాంకుల పక్కనే సరుకుల గది. మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించిన బార్లీ బస్తాలు గోడవారగా పేర్చి ఉన్నాయి. చిన్నకోడలు తలుపు దగ్గరికి వేసి, "ఎర్రది నచ్చలేదా?" అని అడిగింది. అడుగుతూనే సర్దుకుంది. "నచ్చకపోతే నచ్చలేదనే చెప్పు. నేనేం చిన్నపిల్లనా."

"నాకు వాసన తెలియడం లేదు."

"జలుబా? ముందే చెప్పొచ్చుగా. ఆయన్ని ఇంకో రోజు రమ్మంటాను."

"జలుబు కాదే. చలికాలంలో జ్వరం వచ్చింది చూడు, అప్పటినించీ. ఏ వాసనా తెలియదు. కాఫీకీ కిరసనాయిలుకీ నాకు తేడా లేదు."

చిన్నకోడలి మొహంలోంచి నవ్వు మెల్లగా దిగిపోయింది. వెనక్కి జరిగి ఒక బస్తా మీద కూర్చుంది.

"వేసవిలో నేను ఎర్రది తెచ్చినప్పుడు?"

"అప్పుడు కూడా."

"మరి బ్రహ్మాండం అన్నావు."

"రంగు చూసి అన్నాను. నీ మొహం చూసి అన్నాను."

"నా మొహంలో ఏం రుచి కనిపించింది నీకు?"

తలుపు అవతల జనం మాటలు, గ్లాసుల చప్పుడు, ఎవరిదో చంటిపిల్ల కేరింత వినిపిస్తున్నాయి. చిన్నకోడలు ఏప్రాను అంచు పట్టుకుని మెలి తిప్పుతోంది. ఆమె కోపంగా లేదు. అంతకంటే పెద్దదేదో ఆమెని పట్టుకుంది.

"మొట్టమొదటిది?" అంది చివరికి. "ఇంట్లో పెద్ద గిన్నెలో చేశాను చూడు. అందరూ నవ్వారు. ఈయనైతే పైపులో వెనక్కి తన్నిన నీళ్ళలా ఉందన్నాడు. నువ్వొక్కదానివే గ్లాసంతా తాగి, 'ఇందులో ప్రాణం ఉంది' అన్నావు. అక్కా, ఆ ఒక్క మాట మీద నేను ఉద్యోగం మానేశాను. అదీ నా మొహం చూసి అన్నదేనా?"

ఈసారి పెద్దకోడలు క్షణం కూడా ఆగలేదు.

"కాదు. అది జ్వరానికి ముందు. అది నా ముక్కు చెప్పిన మాట. మూత తియ్యగానే అరటిపండు వాసన వచ్చింది. దాని వెనకాల లవంగం. ఇంకా వెనకాల తాజా రొట్టె. అన్నిటికంటే వెనక, నువ్వు సీసా సరిగ్గా కడగలేదేమో, ఇంత సబ్బు."

చిన్నకోడలు తల ఎత్తింది. "సబ్బా? అప్పుడు చెప్పలేదేం?"

"మొదటిసారి వంట చేసినవాళ్ళకి ఉప్పెక్కువైందని చెబుతామా ఎవరైనా?"

ఏడవబోతున్న చిన్నకోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అయితే ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆ వెనకాలే అసలు కోపం వచ్చింది.

"ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు. బావగారికి చెప్పలేదు. ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు. మేమంతా ముక్కూమొహం తెలియనివాళ్ళమా నీకు?"

"ఎలా చెప్పను?" అంది పెద్దకోడలు. "బంగారుముక్కు అని పిలిచేవాళ్ళ దగ్గరికెళ్ళి ముక్కు పోయిందని ఏ నోటితో చెప్పను? ఇల్లంతా గొప్పగా చెప్పుకునేది నాలో అదొక్కటే. అది తీసేస్తే ఇంకేం మిగిలిందో నాకే తెలియలేదు. ముందు నేను తెలుసుకుని తరవాత మీకు చెబుదామనుకున్నాను. తెలుసుకోలేకపోయాను."

తలుపు కిర్రుమంది. అత్తగారు గ్లాసుతో సహా లోపలికి వచ్చి, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"హమ్మయ్య, చెప్పేశావా" అంది.

పెద్దకోడలు గబుక్కున ఆవిడ వైపు తిరిగింది.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"తెలియకేం. నడుం నొప్పని మందు రాయమన్నావు చూడు. తీరా చూస్తే డబ్బా ఖాళీ. లేచి కొట్టుకి పోయే ఓపిక లేక ఇంత వంటనూనె రాసేశాను. నువ్వేమో, 'అబ్బ, ఏం ఘాటు అత్తయ్యా, ప్రాణం లేచొచ్చింది' అన్నావు."

చిన్నకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్రయోజనం లేకపోయింది. ముందు ఆమె, ఆ వెనకాల పెద్దకోడలు, బస్తాల మీద వాలిపోయి నవ్వారు. కడుపు పట్టుకుని, ఊపిరాడక, మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. పెద్దకోడలు అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

"మరి అడగలేదేం అత్తయ్యా?" అంది నవ్వు ఆగాక.

"ముక్కు నీది. అది పోయిందని నేను చాటింపు వెయ్యడమేమిటి? చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెబుతావనుకున్నాను. ఈలోగా పాలు మాడకుండా చూసుకున్నాను. పొయ్యి కట్టేసి ఉందో లేదో చూసుకున్నాను. అంతకంటే నేను చెయ్యగలిగిందేముంది?"

పెద్దకోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇన్ని నెలలుగా వంటింట్లో అత్తగారు తన వెనకాలే తిరుగుతుంటే, తన వంట మీద నమ్మకం లేక తిరుగుతోందనుకుని లోలోపల నొచ్చుకుంది. ఒకటి రెండుసార్లు గిన్నెలు చప్పుడయ్యేలా పెట్టింది కూడా. ఇప్పుడు ఆ చెయ్యి వదలలేదు.

"సరే, డాక్టరేమన్నాడు?" చిన్నకోడలు లేచి నిలబడింది. గొంతులోకి మళ్ళీ కాలేజీ టీచరు వచ్చేసింది.

"రోజూ రకరకాల వాసనలు చూస్తూ ఉండమన్నాడు. కొన్నాళ్ళు చూశాను. ఖాళీ డబ్బాలో చెయ్యి పెట్టి తడిమినట్టుండేది. ఏడుపొచ్చేది. మానేశాను."

"ఈ గదిలో ఉన్నన్ని వాసనలు ఈ వీధి మొత్తంలో ఉండవు. రా ఇటు."

ఒక్కొక్క బస్తా మూతి విప్పింది. లేతగా వేయించిన బార్లీ దోసిట్లో పోసింది. ఏమీ లేదు. బెల్లం రంగుకి తిరిగిన బార్లీ. ఏమీ లేదు. నల్లగా మాడ్చిన బార్లీ, కాఫీ గింజల్లా ఉన్నది. అదీ లేదు. ఎండబెట్టిన నారింజ తొక్కలు వేళ్ళతో విరిచి ముక్కు కింద పెట్టింది. పెద్దకోడలు తల అడ్డంగా ఊపింది.

"వదిలెయ్యి చెల్లాయ్. బయట ఆయన ఎదురుచూస్తున్నాడు."

"చూడనీ."

చిన్నకోడలు మూలనున్న చల్లపెట్టె తెరిచి వెండిరంగు సంచీ ఒకటి తీసింది. అందులో ఆకుపచ్చటి చిన్న చిన్న పూలు, కాగితపు మొగ్గల్లా ఉన్నాయి. హాప్స్ అంటారు వాటిని. తీగకి పూస్తాయి. బీరుకి చేదూ పరిమళమూ ఇచ్చేవి అవే. గుప్పెడు తీసి తోడికోడలి అరచేతుల్లో వేసింది.

"నలుపు. బాగా. వేడి పుట్టేదాకా."

పెద్దకోడలు నలిపింది. రేకులు చిట్లి, లోపల పసుపురంగు పొడి జిగురులా అరచేతులకి అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. చేతులు దించబోయింది.

దించుతుండగా ఏదో తగిలింది. అది వాసనని చెప్పడానికి కూడా లేదు. ఇంట్లో ఎక్కడో దూరపు గదిలోంచి ఎవరో పిలిచినట్టుంది, పిలిచారో లేదో తెలియనట్టుంది. ఆమె కదలకుండా నిలబడింది. చేతులు మళ్ళీ పైకెత్తి, దోసిట్లో మొహం దాచుకుని, ఈసారి మెల్లగా, భయంభయంగా పీల్చింది.

"పచ్చి" అంది.

"ఏమిటి?"

"పచ్చిగా ఉంది. గడ్డి కోసినప్పుడు వస్తుంది చూడు. ఉండు, మాట్లాడించకు." మళ్ళీ పీల్చింది. "పోయింది. లేదు, ఉంది. సన్నగా ఉంది చెల్లాయ్. దారమంత ఉంది."

ఆమె మొహమంతా పసుపు పొడి అయింది. దానిమీంచి కన్నీళ్ళు చారలు కట్టాయి. చిన్నకోడలు ఆమెని గట్టిగా పట్టుకుంది. అత్తగారు చేతిలోని గ్లాసు ఖాళీ చేసి, "దారం దొరికింది కదా, ఇక మెల్లగా లాగండి, తెగిపోతుంది" అంది.

మరిది తలుపులోంచి తల పెట్టాడు. ముగ్గురి అవతారాలూ చూసి, అడగవలసింది మింగేశాడు.

"ఆయన ఎర్రదే ఖాయం చేసుకున్నాడు. బండివాణ్ణి కూడా పిలిపించాడు. పీపాలు నింపేదా?"

చిన్నకోడలు తోడికోడలి వైపు చూసింది. "పద అక్కా. ఆ దారం పట్టుకునే ట్యాంకుల దగ్గరికి పోదాం. నాకూ చూడాలనుంది."

మొదటి ట్యాంకు కింద చిన్న కుళాయి తిప్పి కాస్త గోధుమ బీరు పట్టింది. పెద్దకోడలు వాసన చూసింది. చాలాసేపు ఏమీ లేదు. తరవాత ఎక్కడో మలుపు అవతల రొట్టెల కొట్టు ఉన్నట్టనిపించింది. అది నిజమో, తన ఆశో చెప్పలేకపోయింది. రెండో ట్యాంకు దగ్గర మాత్రం అనుమానం లేకుండా ఆ పచ్చిదనమే మళ్ళీ పలకరించింది. ఆమె చిన్నపిల్లలా నవ్వింది. చిన్నకోడలు చప్పట్లు కొట్టబోయి జనాన్ని చూసి ఆగింది.

మూడో ట్యాంకు. గ్లాసులో ఎర్రటి బీరు వెలుగుతోంది. పెద్దకోడలు ధైర్యంగా, నిండుగా పీల్చింది.

పీల్చి, గ్లాసు చెయ్యిచాచినంత దూరం జరిపేసింది.

"కంపు" అంది.

"ఏమన్నావు?"

"కంపు కొడుతోంది. తడిసిన గోనెపట్టా పొయ్యిలో పడితే వచ్చే కంపు."

చిన్నకోడలు గ్లాసు లాక్కుని వాసన చూసింది, తాగింది, నోట్లో తిప్పింది. మొగుడికిచ్చింది. అతను రెండు గుక్కలు తాగి, "నాకేం తేడా లేదు. నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది" అన్నాడు. అత్తగారు కూడా చూసింది. "బాగానే ఉందే అమ్మాయ్."

నాలుగో ట్యాంకు దగ్గర పెద్దకోడలికి ఏ వాసనా తెలియలేదు. మళ్ళీ మూడోదానికి వచ్చింది. మళ్ళీ అదే కంపు. ఇందాక దారమంత సన్నగా వాసన తెలిసిన ముక్కులోకి ఇది తాడంత లావున వచ్చింది.

"డాక్టరు చెప్పాడట కదా" అంది చిన్నకోడలు మెల్లగా. "వంకరగా రావచ్చని."

"ఆ సంగతి నేను నీకు చెప్పలేదే. నిజమే, గులాబీ కూడా మురిక్కాలవలా అనిపించొచ్చన్నాడు."

"నాకు అత్తయ్య చెప్పారు. నీ మందులచీటీ పట్టుకుని ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగొచ్చారట. ఇందాక నువ్వు మొహం తుడుచుకుంటుంటే చెవిలో చెప్పారు."

అత్తగారు కప్పు కడ్డీలకి వేలాడే దీపాల్ని శ్రద్ధగా చూడసాగింది.

"అయితే వంకర ముక్కే కావచ్చు" అంది పెద్దకోడలు. "కాకపోనూ వచ్చు. వంకరైతే రెండో ట్యాంకు దగ్గర తిన్నగా ఎందుకుంది? తిన్నగానే ఉంటే మీ ముగ్గురికీ ఎందుకు తెలియడం లేదు? నాకేమీ తెలియడం లేదు చెల్లాయ్."

బల్లల మధ్యనించి హోటలాయన చేతులు రుద్దుకుంటూ వస్తున్నాడు. వెనకాల బండివాడు ఖాళీ పీపా ఒకటి దొర్లించుకొస్తున్నాడు. ఇనుము సిమెంటు నేలమీద గణగణలాడుతోంది.

"ఏమ్మా, అన్నీ చూశారా? ఎర్రది నింపించమంటారా?" అన్నాడు పెద్దకోడలితో.

ఒక్క 'బ్రహ్మాండం' చాలు. మూడు హోటళ్ళు, చెల్లాయి కష్టం, తన పరువు, అన్నీ ఒడ్డెక్కుతాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. చలికాలం నించీ అలాంటి మాటలు ఎన్ని దొర్లించిందో ఆ నాలుక. చిన్నకోడలి చెయ్యి కుళాయి మీద ఉంది. ఆమె హోటలాయన్ని చూడటం లేదు. తోడికోడల్నే చూస్తోంది.

"నింపకండి" అంది పెద్దకోడలు. "నాకు ఇందులో ఏదో తేడాగా అనిపిస్తోంది. అది బీరులో ఉందో, నా ముక్కులోనే ఉందో చెప్పలేను. నేను చాలా నెలలుగా వాసన తెలియకుండా ఉన్నాను. ఇవాళే కాస్త తెలుస్తోంది. కాబట్టి నా మాట మీరు నమ్మకపోయినా తప్పు లేదు."

హోటలాయన నొసలు ముడిపడింది. "అదేమిటమ్మా? నాలుగు నోళ్ళు బాగుందంటే, పనిచెయ్యని ముక్కు ఒకటి బాగాలేదంటే, నేను దేన్ని లెక్కలోకి తీసుకోవాలి?"

మరిది ఏదో సర్దిచెప్పబోయాడు. చిన్నకోడలు ఆపింది. కుళాయి గట్టిగా కట్టేసి, చెయ్యి ఏప్రానుకి తుడుచుకుంది.

"అక్క నింపొద్దంది. నేను నింపను" అంది. "ఒక్క నిమిషం ఉండండి. ట్యాంకు పైన అద్దం ఉంది, లోపలికి చూడొచ్చు. చూసి చెబుతాను. అప్పుడు మీ ఇష్టం."

నిచ్చెన తెచ్చి మూడో ట్యాంకుకి ఆనించింది. మరిది కింద పట్టుకున్నాడు. టార్చిలైటు పళ్ళమధ్య పెట్టుకుని ఆమె చకచకా పైకెక్కింది. గుండ్రటి అద్దం మీద పట్టిన చెమ్మని మోచేత్తో తుడిచి, లైటు ఆనించి, మొహం దగ్గరగా పెట్టి లోపలికి చూసింది.

చూస్తూ అలాగే ఉండిపోయింది.

"ఏమైనా కనిపిస్తోందా?" అన్నాడు మరిది. హోటలాయన చేతులు రుద్దుకోవడం ఆపేశాడు. దగ్గరి బల్లలవాళ్ళు కూడా తలలు తిప్పారు. పీపా చప్పుడు ఆగిపోయింది.

చాలాసేపటికి చిన్నకోడలు తల ఇటు తిప్పింది. ఆమె మొహంలో భయం లేదు, దిగులు లేదు. కాలేజీలో పిల్లలకి ఏదో వింత చూపించబోయే ముందు ఆమె మొహం అలా వెలిగేది.

"అక్కా," అంది, "నువ్వొక్కదానివే పైకి రా. మిగతావాళ్ళు ఎవరూ కదలొద్దు."

పెద్దకోడలు చీర కొంగు నడుంలో దోపుకుని, నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.